నేల తల్లి పొదుపు పుస్తకం

కుందుర్పి అనంతపురం జిల్లాలో ఒక మండలం. కళ్యాణదుర్గానికి అవతల, కర్ణాటక సరిహద్దున ఉంది. ఎర్ర నేలలు. నడుమ గుట్టలు. జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇది ఒకటి.

“వాన రాలేదు, పంట పోయింది” అని రైతులు అంటారు. ఆ మాట నిజమే. కాని ఒక్కోసారి ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. పక్కపక్కనే రెండు చేలు ఉంటాయి. రెండింటి మీదా ఒకే వాన పడుతుంది. ఒక చేనిలో పైరు త్వరగా వాడిపోతుంది. పక్క చేనిలో పైరు ఇంకొన్నాళ్ళు తట్టుకుంటుంది.

ఎందుకు? తేడా వానలో లేదు. నేలలో ఉంది.

నేలలో ఏముంది?

చెట్టు ఆకు రాలుతుంది. వేరు చస్తుంది. పేడ పడుతుంది. వాటిని పురుగులు, వానపాములు, కంటికి కనిపించని సూక్ష్మజీవులు తింటాయి. చివరికి నల్లటి మెత్తటి పదార్థం మిగులుతుంది. ఇందులో సగానికి పైగా ఉండేది కర్బనం. కట్టె కాలితే మిగిలే బొగ్గులో ఉండేదీ కర్బనమే. నేలలో కలిసిన ఈ కర్బనాన్ని సేంద్రియ కర్బనం అంటారు.

కర్బనం ఉన్న నేల గుల్లగా ఉంటుంది. వాన నీటిని లోపలికి తీసుకుంటుంది. పట్టి ఉంచుతుంది. కర్బనం లేని ఎర్ర నేల వాన పడగానే పైన పెచ్చు కడుతుంది. నీళ్ళు వంకలోకి పోతాయి. పోతూ పోతూ పైమన్నును కూడా తీసుకుపోతాయి.

నత్రజని మరొకటి. పైరు పచ్చగా పెరగడానికి ఇది కావాలి. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనే. కాని పైరు దాన్ని గాలి నుంచి నేరుగా తీసుకోలేదు. శనక్కాయ, కంది, ఉలవ, అలసంద వంటి పైర్ల వేర్ల మీద బుడిపెలు ఉంటాయి. వాటిలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు ఇస్తాయి. బుడిపెను గిల్లి చూస్తే లోపల ఎర్రగా ఉంటుంది. అలా ఉంటే అది పని చేస్తున్నట్టు లెక్క.

కర్బనం, నత్రజని జతగా ఉంటాయి. నేలలో 10, 12 పాళ్ళ కర్బనానికి ఒక పాలు నత్రజని ఉంటుంది. కర్బనం తరిగితే నత్రజనీ తరుగుతుంది.

జమ, ఖర్చు

పొదుపు సంఘంలో ప్రతి మహిళకూ ఒక పుస్తకం ఉంటుంది. జమ ఒక పక్క, ఖర్చు ఒక పక్క రాస్తారు. నేలకూ అలాంటి పుస్తకమే ఉందనుకోండి.

ఒక ఎకరాలో అర అడుగు లోతు మన్ను సుమారు 10 లక్షల కిలోలు తూగుతుంది. భూసార పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం 0.3 శాతం అని ఉందనుకోండి. అంటే ఆ ఎకరాలో 3,000 కిలోల కర్బనం ఉన్నట్టు. దానితో పాటు సుమారు 300 కిలోల లోపు నత్రజని ఉంటుంది. ఇది అసలు. ఏటా ఇందులో కొద్ది భాగమే కరిగి పైరుకు అందుతుంది. అది వడ్డీ.

కార్డులో 0.5 శాతం కన్నా తక్కువ ఉంటే ‘తక్కువ’ అని రాస్తారు. అనంతపురం ఎర్ర నేలల్లో చాలాచోట్ల ‘తక్కువ’ అనే ఉంటుంది. అసలే తక్కువ ఉన్నప్పుడు వడ్డీ ఎంత వస్తుంది?

శనక్కాయ చేను లెక్క

ఒకప్పుడు ఈ ప్రాంతంలో కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక వేసేవాళ్ళు. సాళ్ళ నడుమ కంది, అలసంద, ఉలవ వేసేవాళ్ళు. తర్వాత శనక్కాయకు ధర వచ్చింది. 1980లు దాటేసరికి జిల్లా అంతా శనక్కాయే అయింది. ఒక దశలో సాగు ఏడు లక్షల హెక్టార్లు దాటింది. ఇటీవలి ఏళ్ళలో తగ్గుతూ వచ్చింది.

శనక్కాయ గాలి నుంచి నత్రజని తెచ్చే పైరు కదా! మరి నేల ఎందుకు బలపడలేదు?

కోత ఎలా జరుగుతుందో చూడండి. చెట్టును వేరుతో సహా పీకుతారు. కాయ ఇంటికి పోతుంది. కట్టె వామికి పోతుంది. తొక్క మిల్లు నుంచి బట్టీలకు పోతుంది. గింజలోనూ, కట్టెలోనూ ఉన్న నత్రజని చేను దాటిపోతుంది. చేనిలో మిగిలేది రాలిన ఆకు, తెగిన వేర్లు. ఎండాకాలం నెలల తరబడి నేల బోసిగా ఉంటుంది. ఎండకు, దున్నకానికి ఉన్న కర్బనం కూడా గాలిలో కలుస్తుంది.

కట్టె పశువు తిని, పేడ తిరిగి చేనికి వస్తే కొంత జమ పడుతుంది. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులు తగ్గాయి. దిబ్బలు చిన్నవయ్యాయి. కరువు వస్తే కట్టె కూడా అమ్ముకోవలసి వస్తుంది.

ఒక రైతు, ఒక గొర్రెల కాపరి రచ్చకట్ట మీద మాట్లాడుకుంటున్నారు అనుకోండి.

“మామా, ఈ తూరి కట్టె అంతా అమ్మేసినావంటనే?”

“ఏం చేద్దునురా అల్లుడా! పంట పోయె. అప్పు నిలబడె. గిరాకీ ఉన్నప్పుడే అమ్ముకోవల్ల.”

“అమ్ముకో మామా, కాదనను. అంతా అమ్మితే ఎనుము ఏం తింటాది? పేడ యాడ నుంచి వస్తాది?”

“అయితే నువ్వు నా చేన్లో మంద పెట్టు.”

“పెడతా. ఊరికే కాదులే. గట్టు మింద నాలుగు చెట్లు కూడా పెట్టు. నీకు ఆకు, నా గొర్రెలకు నీడ.”

రైతు చెప్పింది నిజం. కాపరి చెప్పిందీ నిజం. ఈ ఏడు అప్పు తీరాలి. వచ్చే ఏడు నేల పండాలి. రెండూ కావాలి. కష్టం అక్కడే ఉంది. కౌలు రైతుకు ఈ కష్టం ఇంకా ఎక్కువ. వచ్చే ఏడు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో అతనికి తెలియదు. అలాంటప్పుడు చెట్టు ఎలా నాటుతాడు?

గుట్ట లెక్క

ఇప్పుడు గుట్ట వైపు చూడండి. గుట్ట మీద చెట్లుంటే ఏటా ఆకు రాలుతుంది. దాన్ని ఎవరూ మోసుకుపోకపోతే అక్కడే మన్నవుతుంది. లోతుగా పోయిన వేర్లు కూడా మన్నులో కర్బనం నింపుతాయి. దున్నకం లేదు కాబట్టి ఆ పొదుపు నిలుస్తుంది.

కాని గుట్టకు నిప్పు పెడితే? పచ్చ గడ్డి త్వరగా వస్తుందని కొందరు పెడతారు. ఆకులో ఉన్న కర్బనం, నత్రజని పొగై పోతాయి. తర్వాత వాన పడితే బూడిద, మన్ను వంకలో కలుస్తాయి. ఏళ్ళ పొదుపు ఒక్క పూటలో ఖర్చు.

2002లో గువో, గిఫర్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పలు దేశాల్లో జరిగిన 74 అధ్యయనాలను కలిపి చూశారు. అడవి కొట్టి సేద్యం చేసిన చోట నేల కర్బనం సగటున 42 శాతం తగ్గింది. సేద్యపు నేలలో ఒకే రకం చెట్ల తోట నాటితే 18 శాతం పెరిగింది. సేద్యపు నేలను తిరిగి అడవిగా పెరగనిస్తే 53 శాతం పెరిగింది. అంటే చెట్లు ఉంటే చాలదు. రకరకాల చెట్లు, పొదలు, గడ్డి కలిసి పెరగాలి. రాలిన ఆకు అక్కడే ఉండాలి.

అనంతపురం ప్రాంతంలోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ 1990లో మొదలైంది. ముష్టికోవెల చుట్టుపక్కల గుట్టలు అప్పుడు బోసిగా ఉండేవి. ఊళ్ళ జనం ఆ సంస్థతో కలిసి వాటిని కాపాడారు. విత్తనాలు చల్లారు. నిప్పు పడకుండా కాపలా ఉన్నారు. కొన్నేళ్ళకు వేల ఎకరాల్లో గడ్డి, పొదలు, చెట్లు తిరిగి వచ్చాయి. ఆ అడవికి ‘కల్పవల్లి’ అని పేరు పెట్టారు. 2022 నుంచి ఆ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది.

ఇరవై ఏళ్ళ పరీక్ష

పోయిన కర్బనం చేనికి తిరిగి వస్తుందా? ఈ సంగతి తెలుసుకోవడానికి అనంతపురం ఎర్ర నేలలోనే శాస్త్రవేత్తలు పరీక్ష చేశారు. 1985లో మొదలుపెట్టి 20 ఏళ్ళు నడిపారు. మడులు కట్టి ఏటా శనక్కాయ వేశారు. ఒక మడికి ఏమీ వేయలేదు. ఒక మడికి రసాయన ఎరువు మాత్రమే వేశారు. ఒక మడికి సగం రసాయన ఎరువు, దానితో పాటు హెక్టారుకు 4 టన్నుల శనక్కాయ తొక్క వేశారు. మరో మడికి సగం రసాయన ఎరువు, పశువుల ఎరువు వేశారు.

ఏమీ వేయని మడిలో కర్బనం తరిగింది. తొక్క, సగం ఎరువు కలిపి వేసిన మడిలో కర్బనం బాగా నిలిచింది. దిగుబడి కూడా మేలుగా వచ్చింది.

తొక్క ఒక్కటే కాకుండా ఎరువు ఎందుకు కలిపారు? తొక్కలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు నత్రజని కావాలి. అవి నేలలోని నత్రజనిని అప్పు తీసుకుంటాయి. అప్పుడు పైరు పసుపు పచ్చగా మారుతుంది. ఎండు చెత్తతో పాటు పచ్చి ఆకో, పేడో, కొద్దిగా ఎరువో కలిపితే ఆ ఇబ్బంది ఉండదు.

నేలలో కర్బనం తరగకుండా ఉండాలంటే ఎంత వేయాలి? ఏటా ఎకరాకు సుమారు నాలుగున్నర క్వింటాళ్ళ కర్బనం చేరాలని ఆ పరీక్షలో తేలింది. వేర్లు, ఆకు, ఎరువు అన్నీ కలిపి సుమారు 11 క్వింటాళ్ళ ఎండు సరుకు అన్నమాట. ఎకరాకు 5 క్వింటాళ్ళ కాయ పండితే వచ్చే తొక్క ఒకటిన్నర క్వింటాలే. కాబట్టి ఒక్క తొక్కతో పుస్తకం నిండదు. నాలుగు చోట్ల నుంచి జమ కావాలి.

జమ ఎక్కడి నుంచి?

1. గట్టు మీద చెట్లు: కానుగ, గ్లైరిసిడియా నాటవచ్చు. కానుగ ఆకును పశువులు పెద్దగా తినవు. ఆకు కోసి చేనిలో వేయవచ్చు. నీడ పైరు మీద పడకుండా కొమ్మలు కొట్టాలి.

2. తోడు పైర్లు: శనక్కాయలో కంది, అలసంద, సజ్జ సాళ్ళు వేయాలి. కంది వేరు లోతుకు పోతుంది. ఆకు చేనిలోనే రాలుతుంది.

3. మంద: గొర్రెలను రాత్రిపూట చేనిలో నిలిపితే పెంటికలు, మూత్రం నేరుగా నేలకు చేరుతాయి.

4. చెరువు మన్ను: చేల నుంచి కొట్టుకుపోయిన మెత్తటి మన్ను చెరువులో చేరుతుంది. ఎండాకాలంలో తోలుకుంటే పోయిన సొమ్ము కొంత ఇంటికి వచ్చినట్టే.

5. నిప్పు వద్దు: చేనిలో చెత్త కాల్చవద్దు. గుట్టకు నిప్పు పెట్టనివ్వవద్దు. ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఊరంతా కట్టుబాటు చేసుకోవాలి.

ఒక్క ఏడాదిలో నేల మారిపోదు. పొదుపు సంఘంలో మొదటి నెల డబ్బు చూస్తే నవ్వు వస్తుంది. పదేళ్ళు ఆగకుండా వేస్తే అదే ఆపదలో నిలబెడుతుంది. నేల కూడా అంతే.

చేసి చూడండి

రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోయండి. పాత చెట్టు కింద నుంచి ఒక ఎండిన మట్టి పెళ్ళ తీసుకోండి. ఏటా దున్నే చేను నుంచి అంతే పెళ్ళ తీసుకోండి. రెండింటినీ మెల్లగా నీళ్ళలో వదలండి. ఏది ముందు విడిపోయి నీళ్ళను బురద చేస్తుంది? ఏది నిలబడుతుంది? వాన పడినప్పుడు చేనిలో జరిగేది అదే.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ చేను నుంచి పోయిన ఏడు ఏమేమి బయటికి పోయాయి? ఏమేమి తిరిగి వచ్చాయి? రెండు వరుసల్లో రాయండి.

2. భూసార కార్డులో సేంద్రియ కర్బనం 0.4 శాతం అని ఉంటే ఎకరాలో ఎన్ని కిలోల కర్బనం ఉన్నట్టు?

3. మీ ఊరి గుట్టకు నిప్పు పడకుండా ఎవరెవరు కలిసి కాపాడాలి?

4. కౌలు రైతు నేలకు ఎరువు తోలాలంటే భూమి యజమానితో ఎలాంటి ఒప్పందం ఉండాలి?