గృహ సర్వరును మార్చు విధము

సర్వరు అనగానే అది బ్యాంకులకును పెద్ద కార్యాలయములకును సంబంధించిన వస్తువని పలువురు తల్లిదండ్రులు తలంతురు. అట్లు తలంప నక్కరలేదు. ఎల్లప్పుడును పనిచేయుచు, ఇంటిలోని ఫోనులకును కంప్యూటర్లకును కావలసిన దస్త్రములను అందించు చిన్న యంత్రమే గృహ సర్వరు. పిల్లలు వాడి విడిచిన డెస్కుటాపు కూడ ఈ పనికి చాలును. అట్టి యంత్రము పాతబడినపుడు దాని స్థానమున క్రొత్త దానిని నెలకొల్పు పద్ధతిని ఈ పాఠమున వివరించెదము.

అందు దాచునవి

పెండ్లి ఫోటోలు, అవ్వ పాడిన పాటల రికార్డులు, విద్యుత్ బిల్లులు, పిల్లల మార్కుల పట్టికలు మొదలగునవి అందు చేరును. వీనిలో మనవంటి వలస కుటుంబములకు మిక్కిలి విలువైనవి పాత పత్రములు. మహారాష్ట్రమున ప్రత్యేక వెనుకబడిన తరగతికి చెందినవారు కులధ్రువీకరణము కోరునపుడు, తమ పెద్దలు 1967 అక్టోబరు 13 నాటికే ఈ రాష్ట్రమున నివసించుచుండిరని చూపవలసియుండును. తాతగారు చదివిన బడి దాఖలా ఒక్కటి దొరకిన చాలును, మనుమరాలి కళాశాల ప్రవేశము సులభమగును. అసలు పత్రమును పెట్టెలో భద్రపరుపవలసినదే. నకలు దానికి బదులు కాజాలదు. కాని అసలు కనబడని నాడు, దాని సంఖ్యయు తేదీయు బడి పేరును తెలిసికొని మరల తీయించుటకు నకలే ఆధారము.

యంత్రమునకు ఆయువు తీరుట

హార్డు డిస్కులోని పళ్లెములు నిమిషమునకు 5,400 లేక 7,200 సార్లు తిరుగును. తిరుగునది ఏదైనను ఒకనాటికి అరుగును. మన పేటలో దీనికి తోడు మరి రెండు శత్రువులు గలవు. ఒకటి, సాంచెల నుండి లేచు నూలు దుమ్ము. అది యంత్రపు పంకా రెక్కలకు పట్టి గాలిని అడ్డగించును. రెండవది, 40 డిగ్రీలు దాటు షోలాపురపు వేసవి. ఇవిగాక కరెంటు అకస్మాత్తుగా పోయినపుడు వ్రాయుచున్న దస్త్రము సగములో తెగిపోవును.

డిస్కు తన ఆరోగ్యమును తానే లెక్కవేసికొను ఏర్పాటు ఒకటి గలదు. దానిని స్మార్ట్ అందురు. చెడిన గడులకు బదులుగా వాడిన గడుల సంఖ్య నెలనెలకు పెరుగుచున్నచో, క్రొత్త డిస్కు కొనవలెనని అర్థము. డిస్కు శబ్దము చేయువరకు వేచియుండుట తగదు.

క్రొత్త యంత్రమును ఎన్నుకొనుట

వేగముకంటె కరెంటు ఖర్చును ముందు చూడవలెను. 70 వాట్లు వాడు పాత డెస్కుటాపు రేయింబవళ్లు నడచిన, నెలకు సుమారు 50 యూనిట్లగును. 15 వాట్లు వాడు చిన్న యంత్రమునకు 11 యూనిట్లు చాలును. దానిని సాంచెలున్న గదిలో గాక, గాలి ఆడు గదిలో నేలకు ఎత్తుగా నుంచి, చిన్న యూపీఎస్‌ను తప్పక కలుపవలెను. డెబియన్, ఉబుంటు వంటి లినక్సు వ్యవస్థలు వెల లేకయే లభించును. ఇంటివారికి దస్త్రములను పంచు సాంబా అను సాధనమును 1992లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ ప్రారంభించెను. అదియు ఉచితమే.

అతుకు పని

పడుగు అయిపోయినపుడు నేతగాడు అచ్చునుండి పాత పోగులను లాగివేయడు. వాని కొసలను అట్లే నిలిపి, క్రొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతుకును. అన్నియు అతికిన పిమ్మటనే మగ్గమును ముందుకు నడపును. ఒక్క పోగు తప్పిన బట్ట పొడవునను గీత పడును. సర్వరును మార్చుటయు ఇట్టిదే. పాతది పనిచేయుచుండగనే క్రొత్తది దాని ప్రక్కన నిలువవలెను. క్రమమిది:

1. పాత యంత్రములో నేమేమి గలవో, ఎంత పరిమాణమో, ఎవరెవరు వాడుచున్నారో కాగితముపై వ్రాసికొనవలెను.

2. ఏ మార్పునకు ముందైనను సమస్తమును వేరొక డిస్కులోనికి నకలు చేసి, ఆ డిస్కును విడదీసి దాచవలెను.

3. క్రొత్త యంత్రమునకు తాత్కాలికముగా వేరు పేరును వేరు చిరునామాను ఈయవలెను. ఇంటివారి పేర్లను మాత్రము పూర్వమువలెనే నమోదు చేయవలెను. లినక్సులో దస్త్రముపై యజమాని పేరు గాక అతని సంఖ్య వ్రాయబడియుండును. సంఖ్య మారినచో తండ్రి దస్త్రములు తమ్ముని పేర కనబడును.

4. రెండు యంత్రములను తీగతో రూటరుకు కలిపి, ఆర్‌సింక్ అను సాధనముతో నకలు చేయవలెను. ఇది మధ్యలో ఆగినను, అప్పటికి చేరిన దస్త్రములను విడిచి మిగిలినవానిని అందుకొనును. 1 టెరాబైటు సామగ్రి గిగాబిట్ తీగపై సుమారు 2½ గంటలలో సాగును. 100 మెగాబిట్ల పాత తీగపై ఒక పగలును ఒక రాత్రియు పట్టును.

5. పిమ్మట సరిచూడవలెను. దస్త్రముల సంఖ్యయు మొత్తము పరిమాణమును రెండుచోట్ల ఒక్కటిగా నుండవలెను. ముఖ్య పత్రములకు షా-256 అను సరిచూపు సంఖ్యను కట్టి పోల్చవలెను. దస్త్రములో ఒక్క అక్షరము మారినను ఆ సంఖ్య మారిపోవును.

6. అందరును పాతదానిని వాడుట ఆపినపుడు మరల ఒకమారు ఆర్‌సింక్ నడపి, నడుమ చేరినవానిని తెచ్చుకొనవలెను. అపుడు పాత యంత్రమును ఆపి, దాని పేరును చిరునామాను క్రొత్తదానికి ఈయవలెను. ఇంటిలోని ఫోనులలో ఏ మార్పును చేయనక్కరలేకుండును.

7. పాత డిస్కును ఒక నెల ముట్టక యుంచవలెను. అమ్ముటకు ముందు దానిపై ఆద్యంతము తిరుగ వ్రాసి చెరిపివేయవలెను. ఊరక తొలగించిన దస్త్రములను ఇతరులు తిరిగి తీయగలరు.

తెలుగు దస్త్రముల సంగతి

ఈ మెట్టును కంప్యూటరు దుకాణమువారు మీకు చెప్పకపోవచ్చును. యూనికోడులో తెలుగునకు 1991 నుండియు 128 స్థానముల గడి కేటాయింపబడియున్నది. ఆ పద్ధతిని వ్రాసిన తెలుగు ఏ యంత్రముననైనను తెలుగుగానే కనబడును. కాని అను ఖతుల వంటి ముద్రణశాల ఖతులతో కూర్చిన పాత శుభలేఖలు, సంఘపు నివేదికలు, పాఠముల నోట్సులు అట్టివి కావు. ఆ ఖతి లేని యంత్రములో అవి అర్థములేని గుర్తులుగా మారును. కావున పాత యంత్రము బ్రతికియుండగనే అట్టివానిని తెరచి పీడీఎఫ్‌గా భద్రపరచి, వీలైనచో యూనికోడులోనికి మార్చుకొనవలెను. దస్త్రముల పేర్లలో సంవత్సరమును ముందుంచిన మేలు. "1966-తాత-దాఖలా" అని పేరు పెట్టిన, వరుస తనంతట తానే కుదురును.

ఒక్కచోట దాచినది దాచినట్లు కాదు

చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారము నందిన ఆచార్య రాజ్ రెడ్డిగారు లక్షలాది గ్రంథములను స్కాను చేయించు మహాకార్యమునకు పూనుకొనిరి. అందుండి వెలసిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేలకొలది తెలుగు గ్రంథములు చేరినవి. తరువాత ఆ సర్వరు పాఠకులకు అందకుండ పోయినను, దాని ప్రతులను అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేర్చియుండుటచే ఆ పుస్తకములను నేడును చదువగలుగుచున్నాము. ప్రభుత్వములును విశ్వవిద్యాలయములును నిలిపిన సర్వరుకే అట్టి గతి పట్టినపుడు, మన అటుకపై పెట్టె యెంత?

కావున మూడు ప్రతులుండవలెను. ఒకటి సర్వరులో, రెండవది విడదీసిన డిస్కులో, మూడవది వేరొక ఊరిలో బంధువుల యింట. కరీంనగరమునగాని నల్లగొండలోగాని మేనమామ యున్నచో, పండుగకు వెళ్లునపుడు తాళము వేసిన డిస్కునొకటి కొనిపోవుట కష్టము కాదు. ఒకే యంత్రములో రెండు డిస్కులను జతపరచుట మూడు ప్రతుల క్రిందికి రాదు. పొరపాటున చెరిపిన దస్త్రము రెండింటను ఒక్కసారే చెరిగిపోవును.

తెలుగుదేశమునకు దూరముగా నున్న మనకు, మన యింటి పేర్లను, పాటలను, పత్రములను మనకై దాచిపెట్టు వారెవ్వరును లేరు. ఈ సెలవులలో మీ పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని పైన చెప్పిన మొదటి రెండు మెట్లనైనను పూర్తిచేయుడు. పత్రములు ఏవియో పెద్దలు చెప్పవలెను. యంత్రమును పిల్లలు నడపవలెను. తాతగారి ఊరేది, ఆయన ఏ బడిలో చదివెను అను ప్రశ్నలు అపుడే పుట్టును. వానికి ఉత్తరములు చెప్పగల పెద్దలు ఇంటనుండగనే ఆ పని జరుగవలెను.