మన రూపాయి ఎన్ని చేతులు మారుతుంది?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగారు. ఎం.ఏ. అర్థశాస్త్రంలో మేము చదువుకున్న ఒక పాఠాన్ని మన గేటు ఎదుటి కిరాణా దుకాణంతో కలిపి చెప్పాలనుకుంటున్నాం.

మేము ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు కాస్మెటిక్ ఛార్జీలు నెలనెలా అందేవి కావు. సబ్బు, కొబ్బరి నూనె, పెన్ను ఏది కావాలన్నా ఆ దుకాణమే దిక్కు. దుకాణం పెద్దమ్మ నోటుపుస్తకంలో మా పేర్లు రాసుకొని, డబ్బులు వచ్చాక కొట్టేసేది. పదో తరగతి పరీక్ష దరఖాస్తుకు ఫోటోలు దిగడానికి ఆమె దగ్గరే చేబదులు తీసుకున్న వాళ్లు మాలో ఉన్నారు. వడ్డీ లేదు, జామీను లేదు. ఆ నోటుపుస్తకమే మా మొదటి బ్యాంకు.

ఇక పాఠానికి వద్దాం. ఒకరు పెట్టిన ఖర్చు మరొకరికి ఆదాయమవుతుంది. ఆ ఆదాయంలో కొంత మళ్లీ ఖర్చయి ఇంకొకరి చేతికి చేరుతుంది. 1931లో ఆర్.ఎఫ్. కాన్ దీన్ని ఉద్యోగితా గుణకంగా వివరించాడు. 1936లో జె.ఎం. కీన్స్ తన ఉద్యోగితా సిద్ధాంతంలో పెట్టుబడి గుణకంగా విస్తరించాడు. వాళ్లు దేశం మొత్తాన్ని దృష్టిలో పెట్టుకొని చెప్పారు. అదే లెక్కను ఒక మండల కేంద్రానికి వేసి చూద్దాం.

మనం దర్జీకి 100 రూపాయలు ఇచ్చామనుకుందాం. అందులో 60 అతను ఊళ్లోనే ఖర్చు పెడతాడు. ఆ 60 అందుకున్నవాళ్లు మళ్లీ 36 ఊళ్లోనే ఖర్చు పెడతారు. తర్వాత 21.60. ఇలా కలుపుకుంటూ పోతే ఊళ్లో మొత్తం ఆదాయం 250 రూపాయలవుతుంది. ప్రతిసారీ 20 మాత్రమే ఊళ్లో ఆగి మిగతాది బయటికి పోతే మొత్తం 125 దగ్గరే ఆగిపోతుంది. మొదట పెట్టిన నోటు ఒకటే, ఊరికి వచ్చిన ఫలితం మాత్రం సగం. (పరీక్షలో వస్తే 1ని, 1లోంచి 0.6 తీసేయగా వచ్చిన దానితో భాగించండి, చాలు.)

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. పెద్దమ్మ దుకాణంలో కొన్న సబ్బు ఎక్కడో ఫ్యాక్టరీలో తయారైంది. ఆమెకు మిగిలేది కొద్దిపాటి కమీషనే. కాబట్టి కిరాణా కన్నా దర్జీ, సైకిల్ రిపేరు, టిఫిన్ బండి, చెప్పులు కుట్టే పెట్టె దగ్గర మన రూపాయి ఊళ్లో ఎక్కువ తిరుగుతుంది. అక్కడ మనం కొనేది ఎక్కువగా మనిషి శ్రమ. అలాగే పెద్ద దుకాణంలో నెల సరుకులు బాగా తక్కువకు దొరికితే కూలి కుటుంబం అక్కడికి పోవడం తప్పని మేము అనం. ఆ మిగిలిన డబ్బు కూడా పిల్లల ఫీజుకే పోతుంది కదా.

చిన్న వ్యాపారాలు ఎంతమందికి అన్నం పెడుతున్నాయో 2013-14లో జరిగిన ఆరవ ఆర్థిక గణన చూపింది. పంటల సాగు, ప్రభుత్వ పరిపాలన వంటివి మినహాయిస్తే దేశంలో 5.85 కోట్ల సంస్థలు ఉన్నాయి, వాటిలో పనిచేసేవారు 13.13 కోట్ల మంది. అంటే సంస్థకు సగటున ఇద్దరికి కాస్త ఎక్కువ. భార్యాభర్తలు నడిపే బండి ఇలాంటి లెక్కలోదే.

అయితే పాఠ్యపుస్తకంలో మాకు కనిపించని ప్రశ్న ఒకటుంది. ఊరి దుకాణాన్ని ఆదుకోవాలి సరే, ఊళ్లో దుకాణం ఎవరు పెట్టగలరు? మా నాన్న చెప్పులు కుట్టేవాడు. అవి ఊరంతా వేసుకునేది. మా అమ్మ బడి దగ్గర మిర్చి బజ్జీల బండి పెడితే మా వాడవాళ్లు తప్ప ఎవరూ కొనలేదు. బజ్జీలు బాగాలేవని ఎవరూ అనలేదు, తినే వస్తువు మా చేత కొనరు, అంతే. మూడు నెలలకే బండి మూసేసింది. మరుసటి ఏడు అదే బండిని మండల కేంద్రంలో బస్టాండు దగ్గరికి మార్చింది. అక్కడ ఎవరి వాడ ఏదని అడిగే తీరిక ఎవరికీ లేదు. మా ఇంటర్, డిగ్రీ ఖర్చులు ఆ బండి మీదనే గడిచాయి.

ఇది మా ఇంటి గొడవ మాత్రమే కాదు. 2011 జనాభా లెక్కల్లో ఎస్సీలు 16.6 శాతం. పైన చెప్పిన ఆర్థిక గణన ప్రకారం వ్యక్తుల సొంత యాజమాన్యంలోని సంస్థల్లో ఎస్సీలవి 11.4 శాతమే. 2012లో కేంద్రం తెచ్చిన కొనుగోలు విధానం ప్రకారం కేంద్ర శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుండి తీసుకోవాలి. అది పెద్ద టెండర్ల సంగతి. బజ్జీల బండికి టెండరు ఉండదు, ఎదురుగా నిలబడి కొనేవాళ్లే ఉండాలి.

పోయిన నెల హాస్టల్‌కు వచ్చినప్పుడు పెద్దమ్మను కలిశాం. పిల్లలు ఇప్పుడు నూనె సీసాలు కూడా ఫోన్‌లో తెప్పించుకుంటున్నారట. పాత నోటుపుస్తకం తీసి చూపింది. మా బ్యాచ్ పేజీలో 340 రూపాయలు ఇంకా కొట్టేయకుండానే ఉన్నాయి. ఎవరెవరివో అక్షరాలు చెరిగిపోయాయి. మిత్రులారా, వార్షికోత్సవం రోజు పొద్దున పది గంటలకు గేటు దగ్గర కలుద్దాం, లెక్క అక్కడే తేల్చుకుందాం.