ఒక తల్లి ప్రశ్న

మన రసాయనశాలలో ఫెర్రిక్ క్లోరైడు సీసాను చూడని పై తరగతి విద్యార్థి యుండడు. ఆ ద్రావణమే 1934వ సంవత్సరమున నార్వే దేశపు రాజధానియగు ఓస్లోలో ఒక గొప్ప రహస్యమును బయలుపఱచెను.

అచట ఒక తల్లికి ఇద్దరు బిడ్డలుండిరి. పుట్టినప్పుడు ఇద్దరును చక్కగనే యుండిరి గాని, నెలలు గడచినను బుద్ధి వికసింపలేదు. బిడ్డలయొద్ద వింతవాసన వచ్చుచున్నదని ఆమె వైద్యులతో మొఱపెట్టుకొనగా ఎవరును లక్ష్యపెట్టలేదు. తుదకు అస్బ్యోర్న్ ఫోలింగ్ అను వైద్యుడు ఆమె మాటను చెవిని బెట్టెను. ఆయన రసాయనశాస్త్రము నెఱిగినవాడు. బిడ్డల మూత్రములో ఫెర్రిక్ క్లోరైడు చుక్కలు వేయగా అది ఆకుపచ్చరంగు దాల్చెను. ఎంతయో శ్రమపడి, అందుకు హేతువు ఫీనైల్ పైరూవిక్ ఆమ్లమని ఆయన తేల్చెను. పిమ్మట మందబుద్ధులని పేరుపడినవారిలో 430 మంది మూత్రమును తెప్పించి చూడగా, మఱి యెనిమిదిమందియందు అదే రంగు కనబడెను. (ఈ 'మందబుద్ధి' యను మాటను ఉపాధ్యాయులమైన మేమును తరగతిలో తేలికగా వాడియున్నాము.)

మన మాంసకృత్తులలో ఫీనైల్ అలనీన్ అను పదార్థము గలదు. దానిని మార్చు శక్తి కాలేయమునకు లేకున్న, అది రక్తములో నిలువచేరి మెదడును చెఱచును. ఈ లోపము తలిదండ్రు లిరువురినుండియు సంక్రమించును. వారు మాత్రము ఆరోగ్యవంతులుగనే యుందురు. గ్రహచారమనియు, తల్లిదోషమనియు నిందించువా రిది గమనింతురుగాక.

కారణము తెలిసినను చికిత్సకు దాదాపు ఇరువదేండ్లు పట్టెను. ఇంగ్లండులోని బర్మింగుహాములో బికెల్, జెరార్డ్ అను వైద్యులును, హిక్మన్స్ అను రసాయనజ్ఞురాలును ఏకమైరి. లండనులోని వుల్ఫ్ వారికి మార్గము చెప్పెను. పాలలోని మాంసకృత్తిని విడగొట్టి, బొగ్గుద్వారా వడపోసి, ఫీనైల్ అలనీన్‌ను తొలగించిరి. రెండేండ్ల బాలిక తల్లి ప్రతి ఉదయమును ప్రయోగశాలకు వచ్చి, ఆహారము సిద్ధమైనదా యని అడుగుచుండెడిది. ఆ ఆహారముతో కొన్ని నెలలలో బిడ్డ ప్రాకెను, నిలువనేర్చెను, ఏడ్పు తగ్గెను. ఇది నిజముగా ఆహారఫలమేనా యని శోధించుటకై వైద్యులు తల్లికి చెప్పకయే ఫీనైల్ అలనీన్‌ను మరల కలిపిరి. కొద్ది గంటలలోనే బిడ్డ ఏడ్చుచు తలను కొట్టుకొనసాగెను. ఋజువు బలమైనదే, 1953లో దానిని ప్రకటించిరి. అయినను తల్లి నెఱుగనీయక చేసిన యా పని మాకు సమ్మతము కాదు.

ఒకసారి చెడిన మెదడు పూర్తిగా బాగుపడదు. కనుక చికిత్స పుట్టిన కొలది దినములలోనే మొదలిడవలెను. అందులకు అమెరికాలో రాబర్ట్ గత్రీ సాధనము కల్పించెను. ఆయన కుమారునకు బుద్ధిమాంద్యము. మేనకోడలికి ఈ వ్యాధియే. శిశువు మడమనుండి తీసిన రక్తపుబొట్టును కాగితముపై ఆరబెట్టి, సూక్ష్మజీవుల పెరుగుదలనుబట్టి వ్యాధిని గుర్తించు పద్ధతిని 1963లో ఆయన ప్రకటించెను.

ఈ ఆహారనియమము నెన్నేండ్లు పాటింపవలెను? ఇది ఒక్క వైద్యశాల తేల్చగలిగినది కాదు. పదివేలమందిలో ఒక్కనికి వచ్చు వ్యాధిని ఒకచోట ఎందఱిలో చూడగలము? కావున అమెరికాలోని అనేక వైద్యశాలలు 1967లో కలసి పరిశోధన మారంభించినవి. ఆరవయేట కొందఱు బిడ్డలకు నియమము మాన్పించిరి, కొందఱకు కొనసాగించిరి. ఎవరెవరన్నది చీట్లు తీసినట్లు నిర్ణయించిరి. కొనసాగించినవారే చదువులో మెఱుగుగా నిలిచిరి. నేడు జీవితాంతము పాటింపుడని వైద్యులు చెప్పుచున్నారు.

అది సులభము కాదు. పాలు, గ్రుడ్డు, చేప, మాంసము, పప్పు కూడవు. అన్నమును సైతము తూచి పెట్టవలెను. మధ్యాహ్నమున తోటివారందఱు పప్పన్నమును, పెరుగన్నమును తినుచుండగా, ఆ బిడ్డ తన సీసాలోని మందుపాలను త్రాగవలసియుండును.