ప్రొఫైల్ డీ డ్రైవ్‌కు మారాక శుభ్రం చేయడం ఎలా?

సీ డ్రైవ్ నిండిపోతోందని ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ ఫోల్డర్‌ను డీ డ్రైవ్‌కో పెన్‌డ్రైవ్‌కో మార్చేసేవాళ్లు ఉన్నారు. బ్రౌజర్‌కు దానివల్ల ఇబ్బంది లేదు. కొత్త చోటు ప్రొఫైల్స్.ఐఎన్ఐ అనే చిన్న ఫైల్లో రాసి ఉంటుంది, అది చూసుకుని వెళ్తుంది. చిక్కంతా శుభ్రం చేసేటప్పుడే. కొన్ని బయటి క్లీనర్ ప్రోగ్రామ్‌లు పాత చోటే వెతికి, దొరికింది తుడిచి, పని అయిపోయిందంటాయి. ఖాళీ చేసిన అద్దింటిని ఊడ్చి, కాపురమున్న ఇంటిని వదిలేసినట్టు.

చేయవలసినవి

ముందు ఫోల్డర్ ఎక్కడుందో చూడండి. అడ్రస్ బార్‌లో అబౌట్:ప్రొఫైల్స్ అని ఇంగ్లిషులో కొడితే మామూలుగా రూట్ డైరెక్టరీ, లోకల్ డైరెక్టరీ అని రెండు వేరువేరు దారులు కనిపిస్తాయి: కుకీలు, హిస్టరీ, పాస్‌వర్డ్‌లు మొదటిదాంట్లో, క్యాష్ రెండోదాంట్లో. ప్రొఫైల్‌ను బయటికి మార్చాక రెండూ ఒకటే అవుతాయి, క్యాష్ కూడా అందులోకే వచ్చి చేరుతుంది. ఫోల్డర్ ఉన్నట్టుండి ఉబ్బిందంటే కారణం చాలాసార్లు ఇదే. క్రోమ్ వాడేవారికి ఈ దారి క్రోమ్://వెర్షన్ పేజీలో దొరుకుతుంది.

శుభ్రం చేసే పని బ్రౌజర్‌కే అప్పగించండి. కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో తుడవమంటే, ప్రొఫైల్ ఏ డ్రైవ్‌లో ఉన్నా అక్కడికే వెళ్లి తుడుస్తుంది. ఆ పెట్టెలో కాలవ్యవధి ఒక గంటే అని ఉంటే ముందే మార్చుకోండి.

పాత ఫోల్డర్ సంగతి చూడండి. నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇదే. కాపీ చేసి మార్చినవాళ్ల సీ డ్రైవ్‌లో లాగిన్స్.జేసన్, కీ4.డీబీ అనే రెండు ఫైళ్లు అలాగే పడి ఉంటాయి. దాచుకున్న పాస్‌వర్డ్‌లకు తాళంలా పనిచేసే ప్రైమరీ పాస్‌వర్డ్‌ను ఫైర్‌ఫాక్స్‌లో పెట్టకపోతే, ఆ రెండూ చేతికి దొరికినవాడికి మీ పాస్‌వర్డ్‌లన్నీ దొరికినట్టే. కొత్త చోటు సరిగ్గా పనిచేస్తోందని తేల్చుకున్నాక పాతది తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.

కొత్త చోటుకూ కాపలా ఉండాలి. సీ డ్రైవ్‌లో మీ యూజర్ ఫోల్డర్‌లోకి మామూలు యూజర్లెవరూ తొంగిచూడలేరు. డీ డ్రైవ్‌లో కొత్తగా తెరిచిన ఫోల్డర్‌ను మాత్రం అదే కంప్యూటర్ వాడే మిగతావాళ్లు సాధారణంగా తెరవగలరు. ఇంటిల్లిపాదీ ఒకే కంప్యూటర్ వాడుతుంటే ప్రైమరీ పాస్‌వర్డ్ తప్పనిసరి.

చేయకూడనివి

బ్రౌజర్ తెరిచి ఉండగా ఫోల్డర్‌లోని ఫైళ్లను చేత్తో తీసేయకండి, డేటాబేస్ పాడవొచ్చు. మూసేశాక కూడా క్యాష్2 అనే ఫోల్డర్ ఒక్కటే నిశ్చింతగా తీసేయదగ్గది.

హిస్టరీ పోవాలని ప్లేసెస్.ఎస్‌క్యూలైట్‌ను తీసేయవద్దు. మీ బుక్‌మార్క్‌లూ అందులోనే ఉంటాయి. కీ4.డీబీ పోతే దాచుకున్న పాస్‌వర్డ్‌లు ఇక తెరుచుకోవు.

ప్రొఫైల్‌ను ఫొటోలు, సర్టిఫికెట్లు ఉన్న ఫోల్డర్‌లో పెట్టవద్దు. ఎందుకంటే, తరవాతెప్పుడో అబౌట్:ప్రొఫైల్స్‌లో ఆ ప్రొఫైల్‌ను తొలగిస్తూ "ఫైళ్లు కూడా తీసేయాలా?" అన్నదానికి సరే అన్నారంటే, ఆ ఫోల్డర్‌లో ఉన్న సమస్తం పోతుంది, మీ పిల్లల ఫొటోలతో సహా. ప్రొఫైల్ కోసం ఎప్పుడూ కొత్తగా ఒక ఖాళీ ఫోల్డర్ తెరవండి. ఇప్పటికే కలిసిపోయి ఉంటే, ఫైళ్లు ఉంచేయమనే ఎంచుకోండి.

గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ వంటివి సింక్ చేసే ఫోల్డర్‌లో ప్రొఫైల్ పెట్టవద్దు. ఇక్కడ మీరు తుడిచినా, అక్కడ పాత ప్రతులు కొంతకాలం మిగిలే ఉంటాయి.

పెన్‌డ్రైవ్‌లో డిలీట్ చేశాం కదా అని దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టకండి. రికవరీ సాఫ్ట్‌వేర్ ఆ ఫైళ్లను చాలావరకు తిరిగి లాగగలదు. ఇచ్చే ముందు విండోస్‌లో క్విక్ ఫార్మాట్ దగ్గరున్న టిక్ తీసేసి, పూర్తి ఫార్మాట్ చేయండి. గంటలు పట్టినా ఆగండి.