ఏజెంట్‌కి టూల్ అప్పగించే ముందు

మీ టీమ్‌లో రీఫండ్ టూల్ ఒకటి ఉందనుకుందాం. వివరణ అనే చోట ఎవరో ఎప్పుడో ఒక్క ముక్క రాసి వదిలేశారు: "రీఫండ్ చేస్తుంది." ఇన్నాళ్లూ దానితోనే పని నడిచింది. అమౌంట్ రూపాయల్లో కొట్టాలా పైసల్లోనా అని సందేహం వచ్చిన కొత్తవాళ్లు పక్క సీటు వైపు తిరిగి "అన్నా, ఇది పైసల్లోనేనా?" అని అడిగేసేవాళ్లు. ఇప్పుడు అదే టూల్‌ని ఏఐ ఏజెంట్‌కి ఇస్తున్నారు. దాని పక్కన అన్న లేడు. రాసి ఉన్నది చదువుతుంది, లేనిది చాలాసార్లు ఊహించుకుంటుంది. ఐదు వందలు వెనక్కి పంపమంటే 500 అని కొడుతుంది. రేజర్‌పే, స్ట్రైప్ లాంటి పేమెంట్ ఏపీఐలు మన కరెన్సీని పైసల్లోనే లెక్కపెడతాయి కాబట్టి కస్టమర్‌కి చేరేది ఐదు రూపాయలు.

మోడల్ చేత టూల్స్ వాడించడానికి 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ ఫంక్షన్ కాలింగ్ తెచ్చింది. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ని (ఎంసీపీ) విడుదల చేసింది. పద్ధతి ఏదైనా మోడల్‌కి ముఖ్యంగా అందేవి మూడు: టూల్ పేరు, దాని వివరణ, ఏ ఇన్‌పుట్ ఏ రకంలో ఇవ్వాలో చెప్పే స్కీమా. లోపలి కోడ్ మామూలుగా దానికి కనబడదు. అందుకని వివరణను తీరికున్నప్పుడు రాసుకునే కామెంట్‌లా చూడకండి, ప్రోగ్రామ్‌లో భాగంగానే చూడండి.

అదే రీఫండ్ టూల్‌కి నేనైతే ఇలా రాస్తాను: "డబ్బు కట్టిన ఆర్డర్‌కి మాత్రమే రీఫండ్ పంపుతుంది. అమౌంట్ పైసల్లో, పూర్ణసంఖ్యగా ఇవ్వాలి. ₹500 అయితే 50000. అమౌంట్ ఇవ్వకపోతే కట్టిన మొత్తం వెనక్కి వెళ్తుంది. ఇంకా బయల్దేరని ఆర్డర్‌ని ఆపడానికి ఇది కాదు, క్యాన్సిల్ ఆర్డర్ టూల్ వాడండి. టైమ్‌అవుట్ వస్తే మళ్లీ పంపకండి, ముందు రీఫండ్ స్టేటస్ చూడండి."

వీటిలో ఎక్కువ విలువైనవి చివరి రెండు వాక్యాలు. టూల్ ఏం చేస్తుందో ఎవరైనా రాస్తారు. ఎప్పుడు వాడకూడదో, ఫెయిలైతే ఏం చేయాలో మాత్రం ఆ టూల్‌తో రోజూ తిప్పలు పడేవాళ్లకే తెలుస్తుంది. అందుకే ఈ పని టూల్ రాసిన డెవలపర్ ఒక్కడికే వదలొద్దంటాను. సపోర్ట్‌లో, టెస్టింగ్‌లో ఉన్నవాళ్లను కూర్చోబెట్టి "దీనితో జనం మామూలుగా ఎక్కడ బోల్తా పడతారు?" అని అడగండి. అరగంటలో సగం డాక్యుమెంట్ తయారవుతుంది.

ఎర్రర్ మెసేజ్ కూడా డాక్యుమెంటేషనే. చాలామంది దీన్ని లెక్కలోకి తీసుకోరు. 05/03/2026 అని తేదీ ఇస్తే మనకది మార్చి 5, అమెరికా క్లయింట్‌కి మే 3. టూల్ "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్" అని ఊరుకుంటే ఏజెంట్ అంకెల్ని అటూ ఇటూ మార్చి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఒకటి తగులుతుంది, అది తప్పు తేదీ కావచ్చు. "ప్రారంభ తేదీ 2026-03-05 రూపంలో ఉండాలి, ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు" అని చెప్పే ఎర్రర్ అయితే రెండోసారికే దారిలో పడుతుంది. టైమ్ ఐఎస్‌టీనా యూటీసీనా అన్నదీ అక్కడే చెప్పేయండి. ఐదున్నర గంటల తేడాతో నిన్నటి రిపోర్ట్ ఇవాళ్టిదైపోతుంది.

కమాండ్ లైన్ టూల్స్‌కి వేరే రోగాలుంటాయి. మధ్యలో "ఖాయమేనా?" అని ఆగి జవాబు కోసం కూర్చునేవి ఏజెంట్ చేతిలో అక్కడే బిగుసుకుపోతాయి. ప్రశ్న అడగకుండా నడిపే ఫ్లాగ్ ఒకటి, నిజంగా చేయకుండా ఏం జరుగుతుందో చూపించే డ్రై రన్ ఒకటి పెట్టి, రెండింటినీ హెల్ప్‌లో రాయండి. పని ఫెయిలైనా ఎగ్జిట్ కోడ్ సున్నా ఇచ్చే స్క్రిప్ట్‌ని ముందు బాగుచేయండి. ఎంత బాగా రాసినా ఆ అబద్ధాన్ని డాక్యుమెంట్ కప్పలేదు.

అలాగని కొండవీటి చాంతాడంత రాయక్కర్లేదు. వివరణలన్నీ మోడల్ కాంటెక్స్ట్‌లో చోటు తింటాయి. యూజర్ వివరాలు తెచ్చే టూల్స్ మూడు వేర్వేరు పేర్లతో ఉంటే మూడింటికీ పేజీలు రాయడం కన్నా రెండు తీసేయడం మేలు. ఐదు వేల వరుసలు ఒకేసారి కుమ్మరించే టూల్ అయితే మొదటి యాభై ఇచ్చి, "ఇంకా ఉన్నాయి, తర్వాతి పేజీ అడగండి" అని అవుట్‌పుట్‌లోనే చెప్పించండి.

ఒక్క విషయంలో మాత్రం రాతను నమ్ముకోకండి. "ప్రొడక్షన్ డేటా డిలీట్ చేయవద్దు" అని ఎంత పెద్ద అక్షరాల్లో రాసినా అది తాళం కాదు. ఆ పర్మిషనే ఇవ్వకండి. పాస్‌వర్డ్‌లు, కీలు డాక్యుమెంట్‌లో ఉదాహరణగా కూడా పెట్టొద్దు.

రాశాక సరిచూసే పద్ధతి తేలికే. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో కొత్త సెషన్ తెరిచి, మీ డాక్యుమెంట్ తప్ప ఇంకేమీ ఇవ్వకుండా, కస్టమర్లు అడిగే మాటల్లోనే నాలుగైదు పనులు చెప్పండి. ఏజెంట్ తడబడినప్పుడు చాట్‌లో సర్దిచెప్పాలని చెయ్యి లాగుతుంది, ఆగండి. ఆ సర్దుబాటు డాక్యుమెంట్‌లోకి వెళ్లాలి, తర్వాత మళ్లీ కొత్త సెషన్. టూల్ మారిన పుల్ రిక్వెస్ట్‌లోనే వివరణ కూడా మారాలని రివ్యూలో పట్టుబట్టండి. పాతబడిన డాక్యుమెంట్‌ని మనుషులైనా అనుమానిస్తారేమో గానీ ఏజెంట్ దాన్నే పట్టుకుని ముందుకెళ్తుంది.

మేనేజర్ దీనికి టైమ్ ఇవ్వనంటే వాదించకుండా ఒక్క టూల్ తీసుకోండి. పాత వివరణతో నడిపిన లాగ్, కొత్త వివరణతో నడిపిన లాగ్ పక్కపక్కన పెట్టి చూపించండి. అప్రైజల్ ఫారంలో కూడా "డాక్యుమెంటేషన్ రాశాను" అనే వరుసకు బదులు ఆ రెండు లాగ్‌లే జతచేయండి.