పసిబిడ్డల న్యుమోనియా: జింకు చేయు మేలు ఎంత?

విరేచనములకై ఆశా కార్యకర్త యిచ్చిన జింకు బిళ్ళలు ఇంట మిగిలియున్నచో, బిడ్డకు దగ్గు, ఆయాసము వచ్చినపుడు అవియే వేసి చూతమని తల్లికి తోచవచ్చును. అందు సబబెంత, ప్రమాదమెంత అనునది విచారింపవలసియున్నది.

జింకు అనగా మన పెద్దలు తుత్తునాగమని పిలిచిన లోహమే. ఇనుపరేకు త్రుప్పు పట్టకుండ పైన పూయునదియు అదియే. శరీరమునకు రవ్వంత చాలును గాని, ఆ రవ్వంతయు లేకున్న బిడ్డ ఎదుగుదల కుంటుపడును. రోగములను ఎదుర్కొను శక్తి సన్నగిల్లును. ధాన్యములలో జింకు కొంత యున్నను, వానియందే యుండు ఫైటేటు అను పదార్థము దానిని ఒంటబట్టనీయదు. కావున మాంసము, చేపలు అరుదుగా దొరకు ఇండ్లలో పిల్లలకు ఈ లోటు కలుగుట సులభము.

ఢిల్లీ మురికివాడలో ఆరు నెలలు మొదలు మూడేండ్ల వరకు వయసుగల పిల్లలకు నాలుగు నెలలు ప్రతిదినము జింకు ఇచ్చి చూచిరి. వారిలో న్యుమోనియా సుమారు నాలుగవ వంతు తగ్గినట్లు 2002లో ప్రకటించిరి. ఇది రోగము రాకమునుపటి మాట. వచ్చిన పిమ్మట సంగతి వేరు. తీవ్రమైన న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరిన పిల్లలకు ఇతర మందులతో పాటు జింకు ఇయ్యగా, బంగ్లాదేశ్‌లో వారు త్వరగా కోలుకొనిరని 2004లో తేలినది. వెల్లూరులో అట్టి మేలు కానరాలేదని 2006లో తేలినది. కనుక జింకును న్యుమోనియాకు మందుగా నమ్మరాదు. దానికి వైద్యుడు నిర్ణయించు యాంటీబయాటిక్, అవసరమైన ప్రాణవాయువు కావలెను.

దగ్గు, జలుబు గల బిడ్డ ఏడ్వక నెమ్మదిగా నున్నపుడు, రొమ్ముపై బట్ట తొలగించి, గడియారము చూచుచు నిండు నిమిషము ఊపిరులు లెక్కింపవలెను. అర నిమిషము లెక్కించి రెట్టింపు చేసిన తప్పు వచ్చును, ఏలయన పసివాని ఊపిరి ఒకే తీరున నడవదు. రెండు నెలలలోపు బిడ్డకు 60, రెండు నెలల నుండి ఏడాదిలోపు 50, ఆపై అయిదేండ్లలోపు 40, అంతకు మించినను వేగమే. లోపలికి గాలి పీల్చునపుడు డొక్కలు లోనికి పోయినను, పాలు త్రాగలేకున్నను, మగతగా పడియున్నను ఆలస్యము కూడదు. 108కు ఫోను చేయవలెను. వాతలు పెట్టుట వలన పుండ్లే గాని గుణము లేదు. రెండు నెలలలోపు బిడ్డకు వేగమైన ఊపిరి ఒక్కటియే కనబడినను ఆసుపత్రికే తీసికొనిపోవలెను.

ఇక మిగిలిన బిళ్ళల మాట. విరేచనములకు జింకును 14 దినములు పూర్తిగా ఇయ్యవలెను: రెండు నుండి ఆరు నెలలలోపు దినమునకు 10 మిల్లీగ్రాములు తల్లిపాలలో కరగించి, ఆరు నెలలు దాటినవారికి 20 మిల్లీగ్రాములు. అట్లు ఇచ్చిన యింట బిళ్ళలు మిగులుటయే యుండదు! తోచినట్లు అధికముగా వేసిన వాంతులగును. చిరకాలము వేసిన రాగి అను మరియొక పోషకము తరుగును.

న్యుమోనియాకు ముఖ్యకారణమగు న్యుమోకాకస్ సూక్ష్మజీవి నడ్డగించు టీకా 2017 నుండి మన దేశపు టీకాల కార్యక్రమములో చేరినది. దీనిని ఆరు వారములకు, పదునాలుగు వారములకు, తొమ్మిది నెలలకు ఉచితముగా వేయుదురు.