పాత కిటికీలు తీసేవాళ్లకు పని ఉంది

సాగర్ రోడ్డు మీద బొంగ్లూరు గేటు దాటి ఇబ్రహీంపట్నం వైపు వెళ్తుంటే రెండు పక్కలా వెంచర్ల బోర్డులే. ఆ కొత్త ఇళ్లలో వడ్రంగికి మిగిలే పని మాత్రం తక్కువ. తలుపు రెక్కలు ఫ్యాక్టరీలోనే తయారై వస్తాయి. కిటికీలు యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్‌వి. బిల్డర్ అన్నీ కలిపి ఒకే కంపెనీకి ఆర్డరిస్తే వాళ్ల మనుషులే వచ్చి బిగించి పోతారు. సింహద్వారం, పూజగది తలుపు వరకే మన టేకు పని. ఉలి పట్టిన ప్రతివాళ్లకూ ఈ సంగతి తెలుసు.

అయితే ఇబ్రహీంపట్నం పాత వీధుల్లో, మంచాలలో, యాచారంలో ముప్పై ఏళ్ల కింద కట్టిన ఇళ్ల సంగతి వేరు. చౌకట్ల కింది కొసలు చెద తినేసింది. ఇనప కిటికీలు తుప్పుపట్టి రెక్క మూసుకోవడం లేదు. ఒక్కో ఇంట్లో ఆరేడు కిటికీలు, ఒక వెనక తలుపు, రెండు బాత్రూం తలుపులు మార్చాల్సి ఉంటుంది. ఇంత చిన్న పనికి పెద్ద కంపెనీ ఎగబడదు. వంకర గోడలు, రాలిపోయే ప్లాస్టర్, ఇంట్లో తిరిగే పిల్లలు, మధ్యాహ్నం పడుకునే ముసలివాళ్లు, ఇవన్నీ వాళ్లకు తలనొప్పి. పాత ఇంటి పనిలో పుట్టి పెరిగిన వడ్రంగికి అవి మామూలే. అందుకే చెక్కపని తగ్గిందని దిగులుపడే వాళ్లకు నేను చెప్పేది ఒకటే: కొత్త ఇళ్ల వెంట పడొద్దు, పాత ఇళ్లలో చెడిన కిటికీలు తీసి యూపీవీసీవి పెట్టే మార్పిడి పని పట్టుకోండి.

ఈ పనికి పెద్ద యంత్రాలు కొనాల్సిన పనిలేదు. యూపీవీసీ ఫ్రేముకు నాలుగు ముక్కలు కోసి, మూలల్ని కాల్చి అతికిస్తారు. దానికి కోత యంత్రం, వెల్డింగ్ యంత్రం, మూలలు శుభ్రం చేసే యంత్రం కావాలి. అవన్నీ పెట్టుకున్న ఫ్యాబ్రికేటర్లు నగరంలో ఉన్నారు. మనం కొలత తీసి ఇస్తే వాళ్లు చేసి పంపుతారు. మన చేతిలో ఉండేవి మూడు పనులు: కొలవడం, పాతది తీయడం, కొత్తది నిలబెట్టడం. కిటికీ బాగుందా లేదా అన్నది వీటిలోనే తేలిపోతుంది. ముందు రెండు మూడు నెలలు ఒక ఫ్యాబ్రికేటర్ దగ్గర ఫిట్టర్‌గా కూలికి వెళ్లండి. చదువుకున్నవాళ్లకు కూడా ఇంతకంటే మంచి బడి లేదు.

అన్నిటికన్నా కష్టం కొలతే. చెక్కపనిలో అంగుళాల్లో కొలుస్తాం, అంగుళంలో ఎనిమిదో వంతు అటూఇటూ అయితే చిత్రిక పట్టి సరిచేస్తాం. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. వెల్డు చేసిన ఫ్రేమును గీకి తగ్గించలేం. టఫెన్డ్ గ్లాసును ఒకసారి కాల్చాక ఎవరూ కోయలేరు, కోస్తే చిన్నచిన్న ముక్కలుగా పగిలిపోతుంది. అందుకే ఈ రోజు నుంచే మిల్లీమీటర్లలో ఆలోచించడం అలవాటు చేసుకోండి. వెడల్పును పైన, నడుమ, కింద మూడుచోట్ల కొలవాలి. ఎత్తును కూడా అలాగే మూడుచోట్ల కొలవాలి. పాత గోడలో ఆ మూడూ ఒకటిగా ఉండవు. పైన 1219, నడుమ 1212, కింద 1222 వచ్చాయనుకోండి. తక్కువది 1212 తీసుకుని, అందులోంచి రెండు వైపులకూ కలిపి 10 మిల్లీమీటర్లు తీసేస్తే 1202. ఫ్యాక్టరీకి ఇచ్చే అంకె అదే. సగటు తీసి పంపితే మాత్రం నడుమ సందు చాలదు. మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలిచి రాసుకోండి. వాటి మధ్య తేడా ఎక్కువుంటే ముందు గోడను సరిచేయాలి, కిటికీని కాదు.

ఆ 10 మిల్లీమీటర్ల సందు ఎందుకంటే, ఈ ప్లాస్టిక్ ఎండకు సాగుతుంది. రెండు మీటర్ల ఫ్రేము, చలికాలం పొద్దుటికీ మే నెల ఎండకూ 40 డిగ్రీల తేడా పడితే దాదాపు అయిదారు మిల్లీమీటర్లు పెరుగుతుంది. సందు లేకుండా బిగిస్తే అది వంగిపోయి, స్లైడింగ్ రెక్క పట్టేస్తుంది. ఇంటివాళ్లు ముదురు రంగు చెక్క డిజైన్ అడిగితే అది ఇంకా ఎక్కువ వేడెక్కుతుందని గుర్తుపెట్టుకుని సందు కాస్త పెంచండి.

మార్పిడి పనిలో ఇంకో చిక్కు ఉంది. పాత చౌకట్టు అక్కడే ఉండగా అసలు గోడ ఎక్కడ మొదలవుతుందో కనబడదు. ముందే తీసేస్తే కొత్త కిటికీ వచ్చేదాకా ఇల్లు తెరిచి ఉంటుంది. కాబట్టి ఇంటివాళ్లకు చెప్పి, చౌకట్టు పక్కన రెండుచోట్ల ప్లాస్టర్ అరచేతి వెడల్పున కొట్టి ఇటుక అంచు చూసి కొలవండి. పాత చౌకట్టును అలాగే ఉంచి దాని లోపల కొత్త ఫ్రేము దించమని అడిగేవాళ్లూ ఉంటారు. ఇనప చట్రమైతే ఒప్పుకోవచ్చు. చెద పట్టిన చెక్కను గోడలో వదిలేసి పైన ప్లాస్టిక్ కప్పడం మాత్రం మంచి పని కాదు, ఎంత బతిమాలినా ఒప్పుకోవద్దు.

తీసేటప్పుడు నిలువు చెక్కను నడుమ రంపంతో కోసి లోపలికి లాగండి. గోడలో దిగిన ఇనప పట్టీలను గ్రైండర్‌తో కోయండి. సుత్తితో బాదితే సజ్జ కింది పెచ్చులు ఊడిపోతాయి, ఆ ప్లాస్టర్ ఖర్చు మన నెత్తిన పడుతుంది. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు లేకుండా గ్రైండర్ పట్టకండి. మేడ మీద కిటికీ అయితే నడుముకు బెల్టు కట్టుకోండి. తీసిన టేకు ఎవరిదో పని మొదలుకాకముందే తేల్చుకోవాలి. పాత టేకు ధర తెలిసిన ఇంటాయన దాన్ని వదులుకోడు. వదిలేస్తే మాత్రం అది మీకు దక్కిన సొమ్మే.

సరుకు దించుకునేటప్పుడు జేబులో ఒక గట్టి అయస్కాంతం ఉంచుకోండి. యూపీవీసీ ఫ్రేము లోపల జింకు పూత ఇనప గొట్టం ఉండాలి, ఫ్రేముకు బలం దానిదే. అయస్కాంతం ఫ్రేము వెంట పొడుగూతా పట్టుకుంటే ఇనుము ఉన్నట్టు. నడుమ వదిలేస్తే అక్కడ ఇనుము లేదు. ఫ్రేము ప్లాస్టిక్ మందం వెర్నియర్‌తో చూడండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 12608 ప్రకారం బయటికి కనిపించే ముఖం 2.8 మిల్లీమీటర్లుంటే ‘ఏ’ తరగతి, 2.5 ఉంటే ‘బీ’ తరగతి. అంతకన్నా పలచనిది తెచ్చి ‘జర్మన్ టెక్నాలజీ’ అనేవాళ్ల మాటలు నమ్మకండి.

నిలబెట్టేటప్పుడు ఫ్రేము కింద ప్యాకింగ్ ముక్కలు పెట్టి రసమట్టం చూసుకోవాలి. మూల నుంచి 15, 20 సెంటీమీటర్ల దూరంలో మొదటి యాంకర్, ఆ తర్వాత అడుగున్నర నుంచి రెండు అడుగులకొకటి. సందులో కొట్టే ఫోము కిటికీని పట్టి ఉంచదు, ఖాళీ నింపుతుందంతే. యాంకర్లు తగ్గించి ఫోము ఎక్కువ కొట్టేవాళ్ల పని మొదటి గాలివానకే బయటపడుతుంది. గ్రానైట్, మార్బుల్ అంచు దగ్గర వెనిగర్ వాసన వచ్చే చవక సిలికాన్ వాడితే రాయి మరకపడుతుంది, న్యూట్రల్ రకం తీసుకోండి. ఫ్రేముకు బయటివైపు అడుగున నీళ్లు పోవడానికి చిన్న చీలికలుంటాయి. సిలికాన్ పూసేవాడు చక్కగా కనిపించాలని వాటిని కూడా పూడ్చేస్తాడు. అప్పుడు ట్రాకులో నిండిన వాననీళ్లు హాల్లోకే వస్తాయి. బిగించాక ఒక చెంబు నీళ్లు ట్రాకులో పోసి బయటికి పోతున్నాయో లేదో ఇంటివాళ్ల ముందే చూపించండి. ఫ్రేము మీది పలచటి కవరు కూడా ఆ రోజే తీసేయండి, ఎండకు కాలితే గమ్ము వదలదు.

ఇంటివాళ్లతో మాట్లాడేటప్పుడు గొప్పలు చెప్పుకోవద్దు. ఫ్రేము మారినంత మాత్రాన పడమటి గది చల్లబడదు, కిటికీలో వేడి ఎక్కువగా వచ్చేది గ్లాసులోంచే. దానికి సజ్జ, పరదా, లేదంటే వేడిని తిప్పికొట్టే గ్లాసు కావాలి. సందులు మూసుకుపోతాయి కాబట్టి దుమ్ము, రోడ్డు మోత తగ్గుతాయి, చెద సమస్య ఉండదు, రంగులు వేయనక్కర్లేదు. ఇంతవరకు ధైర్యంగా చెప్పొచ్చు. సింహద్వారం జోలికి వెళ్లకండి. పసుపు రాసే గడప ఉన్న చెక్క దర్వాజను ప్లాస్టిక్‌తో మార్చమని ఎవరూ అడగరు, అడిగినా వద్దని చెప్పడమే మేలు. పాత చౌకట్టుతోపాటు గ్రిల్లు కూడా పోతుందని మాత్రం ముందే గుర్తుచేయాలి. కొత్త గ్రిల్లును గోడకు బిగించాలి, యూపీవీసీ ఫ్రేముకు కాదు. కోతులు తిరిగే వీధిలో దోమల జాలీ ఒక్కటే ఉంటే పని జరగదు.

ఇక లెక్కలు. పెద్ద కిటికీకి చదరపు అడుగు రేటు సరే. బాత్రూం వెంటిలేటర్ లాంటి వాటికి పీసు లెక్కనే చెప్పండి, లేకపోతే చేతి కూలి కూడా రాదు. పాతది తీయడం, ప్లాస్టర్, రంగు, చెత్త తరలింపు ఒక్కోటీ విడిగా కాగితం మీద రాయండి. ఫ్యాబ్రికేటర్ బిల్లులో 18 శాతం జీఎస్టీ ఉంటుంది, దాన్ని మరిచి రేటు చెప్పినవాళ్ల లాభం అక్కడే పోతుంది. మీ మొత్తం టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఫ్యాక్టరీకి కట్టాల్సిన మొత్తానికి తక్కువ కాకుండా అడ్వాన్సు తీసుకోండి. ఎంత దగ్గరి బంధువైనా సరే.

రోటరీ హ్యామర్, లేజర్ లెవెల్, గ్రైండర్ కొనడానికి బయట ఎక్కువ మిత్తికి తేవొద్దు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఉంది. అయిదు నుంచి ఏడు రోజుల శిక్షణకు రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయల వోచర్ ఇస్తారు. తర్వాత 5 శాతం వడ్డీకి, పూచీకత్తు లేకుండా మొదట లక్ష వరకు, అది తీర్చాక రెండు లక్షల వరకు అప్పు దొరుకుతుంది. ఇంటికి ఒక్కరికే. ప్రభుత్వ ఉద్యోగి ఉన్న ఇంటికి వర్తించదు. ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, రేషన్ కార్డు, ఆధార్‌కు జతచేసిన ఫోను తీసుకుని కామన్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. దరఖాస్తును ముందు పరిశీలించేది గ్రామంలో పంచాయతీ, ఇబ్రహీంపట్నంలో మున్సిపాలిటీ. కాబట్టి పెట్టిన వారానికి అక్కడికి వెళ్లి కదిలిందో లేదో అడగండి.